'కంకషన్' సినిమా చూశాక మావాడి ఫుట్‌బాల్ ఫారం మీద సంతకం పెట్టలేకపోతున్నా

ఫ్రిస్కో_నాన్న
ఆదివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. నేను అడిగేది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట.

మేం ఉండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. శుక్రవారం రాత్రి హైస్కూలు మ్యాచ్ అంటే ఇక్కడ తిరునాళ్ళే. మావాడు ఆగస్టులో ఏడో తరగతికి వెళ్తాడు, బడి తరఫున ఫుట్‌బాల్ మొదలయ్యేది ఏడు నుంచే. వాడి స్నేహితుల్లో సగం మంది పేర్లు ఇచ్చేశారు. మావాడు ఫారం తెచ్చి రోజూ నా కంట పడాలని ఫ్రిజ్‌కి అంటించాడు. అందులో ఒక పేజీ మొత్తం కంకషన్ గురించే, అంటే తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిపోవడం గురించి. "చదివి అర్థం చేసుకున్నాను" అని మేం సంతకం పెట్టాలి.

నిజంగా అర్థం చేసుకునే పెడదామని నిన్న రాత్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని 2015లో వచ్చిన 'కంకషన్' చూశాను. విల్ స్మిత్ అందులో నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్ బెనెట్ ఒమాలుగా వేశాడు. సినిమా అయిపోయాక వాడేం మాట్లాడలేదు. పళ్ళు తోముకుని వచ్చి, "నాన్నా, ఆ ట్రక్కులో పడుకునే ఆయన నిజంగా ఉన్నాడా?" అన్నాడు. నాకు తెలియక "రేపు చెప్తా" అన్నాను.

అందులో ఎంత నిజం, ఎంత సినిమా? మా ఆవిడ వద్దే వద్దంటోంది. నాకేమో వాడి మొహం చూస్తే కాదనబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.


పిట్స్‌బర్గ్_పాతకాపు
ఆదివారం, ఉదయం 9:35

ఉన్నాడు తమ్ముడూ. పేరు మైక్ వెబ్‌స్టర్.

నేను పిట్స్‌బర్గ్ వచ్చి 27 ఏళ్ళయింది. ఆదివారం పొద్దున్నే పెన్ హిల్స్‌లో వెంకన్న దర్శనం చేసుకుని, పులిహోర పొట్లం కట్టించుకుని, మ్యాచ్ టైముకి ఇల్లు చేరే బాపతు మేం. మా ఊరి టీము స్టీలర్స్ పసుపు తువ్వాలు మా ఇంట్లోనూ ఉంది. కాబట్టి ఈ ఆట మీద ద్వేషంతో రాస్తున్నానని అనుకోకండి.

వెబ్‌స్టర్ ఆడింది సెంటర్ స్థానంలో. బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి అందించిన మరుక్షణం ఎదుటివాడితో ఢీ. ప్రతి ఆటలోనూ అదే పని, 17 సీజన్లు. నాలుగు సూపర్‌బౌల్స్ (ఏటా జరిగే ఫైనల్స్) గెలిచాడు, 1997లో మేటి ఆటగాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కాడు. 2002 సెప్టెంబరులో గుండెపోటుతో పోయాడు. అప్పటికి 50 ఏళ్ళే. ట్రక్కులో పడుకోవడం, ఊడిన పళ్ళని జిగురుతో అంటించుకోవడం, నిద్ర పట్టక తనకి తానే కరెంటు షాకులిచ్చుకోవడం, అన్నీ జరిగినవే. ఊళ్ళో ఆయన్ని కొలిచేవాళ్ళు. ఆయన మాత్రం ఇంటిదారి మర్చిపోయాడు.

పోస్ట్‌మార్టం చేసింది ఒమాలుయే. మెదడు పైకి మామూలుగానే ఉంది. అయినా వదల్లేదు. దాచి, సొంత డబ్బు పెట్టి స్లైడ్లు చేయించాడు. వెబ్‌స్టర్‌కి సీటీఈ (తల మీద పదేపదే పడే దెబ్బల వల్ల మెదడు క్షీణించే జబ్బు) ఉందని 2005లో 'న్యూరోసర్జరీ' పత్రికలో వ్యాసం వచ్చింది. ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు) తరఫున మెదడు గాయాల కమిటీలో ఉన్న డాక్టర్లు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమని పత్రికకి రాశారు. ఆ కమిటీకి చాలా ఏళ్ళు పెద్దగా ఉన్నాయన కీళ్ళవాతం డాక్టరు, మెదడు డాక్టరు కాదు! పత్రిక మాత్రం వ్యాసాన్ని వెనక్కి తీసుకోలేదు.

నన్ను ఇప్పటికీ మండించే విషయం ఇంకోటి ఉంది. 1999లోనే లీగు పెన్షన్ బోర్డు, వెబ్‌స్టర్ అశక్తతకి కారణం ఆటలో తగిలిన తల దెబ్బలేనని ఒప్పుకుని పింఛను ఇచ్చింది. అంటే ఒక చేత్తో డబ్బు ఇస్తూనే ఇంకో చేత్తో ఇంకో పదేళ్ళు "ఆటకీ మెదడు జబ్బుకీ సంబంధం లేదు" అని రాస్తూ పోయారు.


స్లైడ్‌పెట్టె
ఆదివారం, రాత్రి 8:50 (విశాఖ)

నేను విశాఖలో పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్‌ని, 14 ఏళ్ళ సర్వీసు. నాకు బాగా తెలిసిన ముక్క ఒకటి చెప్తాను.

అప్పుడే తీసిన మెదడు జున్నులా ఉంటుందండి. కత్తి ఆనిస్తే తెగదు, నలుగుతుంది. ఎక్కడా గిన్నెకి ఆనకుండా అడుగున ఉండే రక్తనాళం కింద దారం పోనిచ్చి, ఫార్మలిన్ బకెట్లో వేలాడదీస్తాం. గట్టిపడటానికి రెండు వారాలు. అప్పుడు ముక్కలు కోసి, మైనం దిమ్మల్లో బిగించి, వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని పొరలు తీస్తాం. టౌ అనే ప్రొటీన్‌ని పట్టే ప్రత్యేకమైన రంగు వేస్తే, అది పేరుకున్న చోటల్లా గోధుమరంగు మరకలు తేల్తాయి. ఈ జబ్బులో ఆ మరకలు మెదడు ముడతల అడుగున, సన్నని రక్తనాళాల చుట్టూ కనబడతాయి. అల్జీమర్స్‌లో ఆ వరస వేరు. అదీ తేడా.

సినిమాలో ఈ పనంతా గబగబా అయిపోతుంది. నిజానికి ఇందులో ఉండేదంతా నిరీక్షణే. ఒక్క విషయంలో మాత్రం సినిమా చూసేవాళ్ళకి తప్పుడు అభిప్రాయం కలుగుతుంది, ఈ జబ్బుని ఒమాలుయే మొట్టమొదట కనిపెట్టాడని. బాక్సర్లలో దీన్ని 1928లోనే మార్ట్‌లాండ్ అనే అమెరికన్ డాక్టరు వర్ణించాడు. క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతి, పొట్టిగా సీటీఈ, అన్న పేరు 1949 నాటికే బ్రిటన్‌లో క్రిచ్‌లీ వాడాడు. 1973లో అక్కడే 15 మంది బాక్సర్ల మెదళ్ళు కోసి చూశారు. ఒమాలు చేసింది, అది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడిలోనూ ఉందని మొదటిసారి చూపించడం. అది చిన్న పనా? కాదు. అందరూ గుండెజబ్బు అని సంతకం పెట్టి పంపేసే శవాన్ని ఆపి, తలలో చూడాలనుకోవడం గొప్ప సంగతి. లేని కిరీటం మాత్రం అక్కర్లేదు.

సీటీ, ఎంఆర్ఐలలో ఇది తేలదు. ఈ రోజుకీ ఖాయంగా చెప్పాలంటే మనిషి పోయాకే.


కరీంనగర్_రైడర్
ఆదివారం, రాత్రి 10:15

అన్నా, నేను కబడ్డీ ఆడినోణ్ణి. గా ఆట నాకు తెల్వది గని దెబ్బ తెలుసు.

ఇంటర్ల ఉన్నప్పుడు ఒక టోర్నీల రైడ్‌కు వోతే డిఫెండర్ మోకాలు కణతకు తాకింది. ముఖం మీద నీళ్ళు కొట్టిండ్రు. "ఎన్ని వేళ్ళురా?" అని అడిగిండ్రు. మళ్ళ లోపటికి తోలిండ్రు. ఇంకో నాలుగు రైడ్లు చేసిన్నట, రెండు పాయింట్లు తెచ్చిన్నట. నాకు ఒక్కటి యాదికి లేదు. బస్సుల ఇంటికి వొయ్యేటప్పుడు మా అన్నను మూడుసార్లు అడిగిన్నట, "మనం గెలిచినమా?" అని. బస్సంత నవ్విండ్రు. నేను గూడ నవ్విన. అమ్మకు చెప్పలే.

ఇయ్యాల ఈ పోస్టు సదివినంక మనసు మనసుల లేదు. మన సినిమాలల్ల తలకు దెబ్బ తాకితే ఏమైతది? హీరో గతం మర్చిపోతడు. క్లైమాక్సుల మళ్ళ దెబ్బ తాకుతది, అన్ని యాదికొస్తయి, అమ్మను గుర్తువడ్తడు, ఏడుస్తం. లేకుంటే సీసా నెత్తి మీద వగుల్తది, నెత్తురు తుడుసుకుంట లేసి పదిమందిని కొడ్తడు. గవి చూసుకుంటనే పెరిగినం. రెండో దెబ్బ మందు అన్నట్టు నేర్చుకున్నం. నన్ను మళ్ళ లోపటికి తోలినాయన చెడ్డోడు గాదు. ఆయన గూడ గవే సినిమాలు చూసిండు.


స్లైడ్‌పెట్టె
ఆదివారం, రాత్రి 10:40

తమ్ముడూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మొదటి కంకషన్ మానకముందే రెండోది తగిలితే మెదడు హఠాత్తుగా వాచి ప్రాణం పోయే ప్రమాదం ఉంది. అరుదే, కానీ ఎక్కువగా కుర్రాళ్ళకే. మీరు ఇంటికి క్షేమంగా చేరారు, అదే పదివేలు.


సినిమా_వీధి
సోమవారం, ఉదయం 6:20

నేను 'కంకషన్' మూడుసార్లు చూశాను. విల్ స్మిత్ ఆ యాసనీ, ఆ మెత్తదనాన్నీ పట్టుకున్న తీరు నాకు చాలా ఇష్టం. శవంతో మాట్లాడుతూ పని చేసే సీను మరీ. కానీ నిజమెంత అని అడిగారు కాబట్టి చెప్పాలి.

మాజీ ఆటగాడు డేవ్ డ్యూయర్సన్‌ని సినిమాలో మొండివాడిగా, సాయం అడిగినవాళ్ళని తరిమేసేవాడిగా చూపించారు. అది అన్యాయమని ఆయన కుటుంబం బాధపడింది. ఆయన పెన్షన్ బోర్డులో ఉన్న మాట నిజం. 2011లో తన ప్రాణం తానే తీసుకుంటూ, మెదడుని పరీక్షకి ఇవ్వమని రాసి పోయిన మాటా నిజం. పరీక్షలో సీటీఈ తేలింది. ఆ మనిషి కూడా అదే జబ్బుతో బాధపడుతున్నాడు కదా, మరి విలన్‌గా ఎలా పెడతాం? ఒమాలు పై అధికారి సిరిల్ వెక్ట్ మీద కేసుని లీగు కక్షలాగా ధ్వనింపజేశారు. అసలు అభియోగం ప్రభుత్వ వనరుల్ని సొంత పనికి వాడుకున్నాడని. అది 2009లో వీగిపోయింది. ఇంకోవైపు, సోనీ నుంచి హ్యాకయిన మెయిళ్ళని బట్టి లీగుకి కోపం రాకుండా సినిమాని మెత్తబరిచారని 2015లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. దర్శకుడు పీటర్ లాండెస్‌మన్ కాదన్నాడు.

వడ్రంగిపిట్ట సీను గుర్తుందా? దాని తలలో కుదుపు తట్టుకునే ఏర్పాటుంది, మనిషికి లేదు అంటాడు ఒమాలు. 2022లో శాస్త్రజ్ఞులు వేగంగా తీసిన వీడియోలు కొలిచి చూస్తే, ఆ పిట్ట తల కుదుపుని పీల్చుకోవడమే లేదు, సుత్తిలా గట్టిగా కొడుతుంది, మెదడు మరీ చిన్నది కాబట్టి బతికిపోతోంది అని తేలింది.

నా అసలు ఫిర్యాదు వేరు, పేరు మీద. 'కంకషన్' అని పేరు పెట్టి, కెమెరాని దబ్‌మనే గుద్దుళ్ళ దగ్గరే ఉంచేసరికి, కళ్ళు తిరిగి పడిపోయే ఆ ఒక్క దెబ్బే ప్రమాదమని చూసేవాళ్ళకి నాటుకుపోయింది. 2023లో 600 మందికి పైగా ఆటగాళ్ళ మెదళ్ళ మీద వచ్చిన పరిశోధన ఏం చెప్పిందంటే, సీటీఈతో ముడిపడింది కంకషన్ల లెక్క కాదు, ఏళ్ళ తరబడి తల మీద పడిన మొత్తం ఒత్తిడి. పడిపోనివి, ఎవరూ లెక్కపెట్టనివి, ప్రాక్టీసులో మంగళవారం మధ్యాహ్నం తగిలేవి. వెబ్‌స్టర్ బతుకంతా అవే. వాటిని తెర మీద చూపించడం కష్టం, ఒప్పుకుంటాను. కానీ తండ్రీకొడుకులు తెలుసుకోవలసింది సరిగ్గా అదే.


పిట్స్‌బర్గ్_పాతకాపు
సోమవారం, ఉదయం 8:05

సినిమా_వీధి గారూ, డ్యూయర్సన్ సంగతిలో మీతో పూర్తిగా ఏకీభవిస్తా. కానీ ఆ సినిమాని తక్కువ చెయ్యొద్దు. నా ఆఫీసులో 2005 వ్యాసం చదివినవాడు ఒక్కడూ లేడు. సినిమా చూసినవాళ్ళు డజను మంది. విడుదలైన మూడు నెలలకే, 2016 మార్చిలో, లీగు ఆరోగ్య వ్యవహారాలు చూసే జెఫ్ మిల్లర్ అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యుల ముందు ఫుట్‌బాల్‌కీ సీటీఈకీ సంబంధం ఉందని ఒప్పుకున్నాడు. సినిమా వల్లే అనను. గాలి మారింది, అందులో సినిమాకీ వాటా ఉంది.

ఇంకో సినిమా తీయాల్సిన కథ ఆ తరవాత జరిగింది. లీగుకీ మాజీ ఆటగాళ్ళకీ మధ్య 2015లో కోర్టు ఆమోదించిన పరిహారం ఒప్పందంలో, ఆటగాడి తెలివి ఎంత తగ్గిందో లెక్కకట్టేటప్పుడు నల్లజాతివాళ్ళకి మొదటి స్థాయినే తక్కువగా పెట్టుకునే పద్ధతి వాడారు. అంటే అదే మార్కులు వచ్చినా తెల్లవాడికి జబ్బు, నల్లవాడికి "నీకు మామూలే". ఆటగాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళే! ఇద్దరు మాజీ ఆటగాళ్ళు కోర్టుకెక్కాక, 2021లో గానీ అది తీసేస్తామని లీగు ఒప్పుకోలేదు.


గోదారిగట్టు
సోమవారం, రాత్రి 9:00

మాది అమలాపురం దగ్గరండి. నాకు ఈ ఆట తెలీదు గానీ ఒక్క అనుమానం. అంతలేసి హెల్మెట్లు పెట్టుకుంటారు కదా, ఇంకా దెబ్బ ఎలా తగులుద్ది అని మొదట అనుకున్నాను. తరవాత అటక మీద కురిడీ కాయలు గుర్తొచ్చాయి. కురిడీ కాయ ఊపి చూడండి. పైన పీచు ఎంత దట్టంగా ఉన్నా, చిప్ప ఎంత గట్టిదైనా, లోపల గుండు గలగలా కొట్టుకుంటూనే ఉంటుంది. పీచు చిప్పని కాస్తుంది గానీ గుండుని కాయదు. ఇదేనా మీరు చెప్పేది?


స్లైడ్‌పెట్టె
సోమవారం, రాత్రి 9:25

ఇదేనండి. మా ల్యాబ్‌లో కొత్త పిల్లలకి ఇకమీదట ఈ మాటే చెప్తాను. హెల్మెట్ పుర్రె పగలకుండా ఆపుతుంది, ఆ మేలు చాలా పెద్దది. కానీ తల ఒక్కసారిగా ఆగినప్పుడు, లేదా గిర్రున తిరిగినప్పుడు, లోపలి జున్ను ఆగదు. సాగుతుంది, మెలిపడుతుంది.


న్యూజెర్సీ_అమ్మ
సోమవారం, రాత్రి 11:30

మా అమ్మాయి ఆడేది సాకర్, అంటే మన ఊళ్ళలో ఫుట్‌బాల్ అనేది. "అమ్మయ్య, మనకీ గొడవ లేదు" అనుకున్నదాన్ని, ఈ చర్చ చదివి వెతకడం మొదలుపెట్టాను.

ఇంగ్లండ్‌లో జెఫ్ ఆస్టల్ అనే స్ట్రైకరు ఉండేవాడు. తలతో గోల్స్ కొట్టడంలో దిట్ట. 2002లో, 59 ఏళ్ళకి, మతిమరుపు ముదిరి పోయాడు. అది వృత్తి వల్ల వచ్చిన జబ్బని అక్కడి కరోనరు (మరణాల్ని విచారించే అధికారి) తేల్చాడు. 2014లో డాక్టర్ విలీ స్టూవర్ట్ ఆ మెదడుని మళ్ళీ చూసి సీటీఈ అన్నాడు. 2019లో ఆయన బృందమే స్కాట్లండ్ మాజీ ఆటగాళ్ళు 7,676 మంది రికార్డులు చూసింది. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం మామూలు జనంలో కన్నా వాళ్ళలో మూడున్నర రెట్లు ఎక్కువ. పాత తోలుబంతి బరువు వల్లే అనుకుంటారు చాలామంది. పొడిగా ఉన్నప్పుడు అప్పటి బంతికీ ఇప్పటి బంతికీ బరువులో తేడా లేదు, వానలో నానితేనే పాతది బరువెక్కేది.

2014 ప్రపంచ కప్ ఫైనల్ మీలో చాలామంది చూసే ఉంటారు. జర్మనీ కుర్రాడు క్రేమర్ తలకి దెబ్బ తగిలాక దాదాపు పావుగంట ఆడాడు. చివరికి రిఫరీ దగ్గరకెళ్ళి "ఇది ఫైనలేనా?" అని అడిగాడు. కరీంనగర్ తమ్ముడు బస్సులో అడిగింది చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. ఒకటి కోట్లమంది చూస్తున్న మైదానం, ఒకటి ఇంటర్ పిల్లల బస్సు. ప్రశ్న మాత్రం ఒక్కటే.

అమెరికాలో 2015 నుంచి పదేళ్ళు, అంతకన్నా చిన్నపిల్లలకి బంతిని తలతో కొట్టడం నిషేధం. మా అమ్మాయి కోచ్ దాన్ని కచ్చితంగా పాటిస్తాడు. ఆ రూలు ఎందుకో నాకు నిన్నటిదాకా తెలీదు.


ప్లేనో_బావ
మంగళవారం, ఉదయం 7:45

నేను వేరే మాట చెప్తాను, కోప్పడకండి. మా పెద్దాడు హైస్కూల్లో నాలుగేళ్ళు ఆడాడు. బిడియస్తుడు, ఎవరితోనూ కలిసేవాడు కాదు. ఆ టీము వాడికి ఊతం ఇచ్చింది. పొద్దున్న ఐదింటికి అలారం లేకుండా లేవడం నేర్పింది. మన పిల్లలంటే లెక్కలు, స్పెల్లింగ్ బీ అనుకునేవాళ్ళ మధ్య వాడు తలెత్తుకు తిరిగాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, హాయిగా ఉన్నాడు. ఒక సినిమా చూసి పిల్లాడి కల తుంచేయడం సరి కాదు. ఇప్పుడు జాగ్రత్తలు చాలా వచ్చాయి. టెక్సస్‌లో 2011 నుంచి చట్టం ఉంది, కంకషన్ అనుమానం వస్తే ఆ రోజు ఆటలోంచి తప్పించాల్సిందే, డాక్టరు రాసిస్తేనే మళ్ళీ దింపాలి. సీజన్లో గుద్దుకునే ప్రాక్టీసు వారానికి 90 నిమిషాలు మించకూడదు.


స్లైడ్‌పెట్టె
మంగళవారం, రాత్రి 9:10

బావగారూ, మీ అబ్బాయి బాగున్నందుకు సంతోషం. భయపెట్టే అంకెలు ఎలా చదవాలో చెప్తాను, అది మీ మాటకీ కొంత బలమే.

2017లో బోస్టన్‌లో ఆన్ మెకీ బృందం 202 మంది ఆటగాళ్ళ మెదళ్ళు చూసింది. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆడినవాళ్ళు 111 మందిలో 110 మందికి సీటీఈ. అంటే లీగులో నూటికి 99 మందికి ఉందని కాదు. అనుమానం ఉన్న కుటుంబాలే మెదళ్ళు ఇస్తాయి. అదే పరిశోధనలో హైస్కూలుతో ఆపేసినవాళ్ళు 14 మంది ఉన్నారు. వాళ్ళలో ముగ్గురికే ఉంది. ఎన్నేళ్ళు ఆడారన్నదే కీలకం. 2019లో అదే బృందం లెక్క ప్రకారం ప్రతి 2.6 ఏళ్ళ ఆటకీ ఈ జబ్బు వచ్చే అవకాశం రెట్టింపు అవుతుంది. కాబట్టి నాలుగేళ్ళు ఆడిన పిల్లాడి గురించి కుమిలిపోనక్కర్లేదు. అలాగే, పన్నెండేళ్ళకే మొదలుపెట్టించాలా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. ఏడులో కాక తొమ్మిదిలో మొదలుపెడితే రెండేళ్ళు ఆదా.


పేరు_వద్దు
బుధవారం, ఉదయం 4:50

ఎప్పుడూ చదవడమే గానీ రాయలేదు. మాది గుంటూరు వైపు. మా ఆయన ఆటగాడు కాదు. ఆరేళ్ళ కింద బండి మీంచి పడ్డారు. హెల్మెట్ ట్యాంకు మీద ఉంది, తల మీద లేదు. పది రోజుల్లో ఇంటికొచ్చారు. స్కాన్ బాగుందన్నారు. అందరూ కొబ్బరికాయలు కొట్టారు.

ఆ తరవాత ఆయన వేరే మనిషి. పాలు పొంగితే ఏడుస్తారు. పిల్లాడు గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి చెయ్యెత్తుతారు, మళ్ళీ ఆ చెయ్యి చూసుకుని కూర్చుంటారు. ముప్పై ఏళ్ళు కిరాణా లెక్కలు నోటితో కట్టిన మనిషి, ఇప్పుడు చిల్లర నాకిచ్చి "నువ్వు చూడు" అంటారు. బంధువులు "మనిషి బాగానే ఉన్నాడుగా" అంటారు. బాగానే ఉన్నట్టు కనబడతారు మరి.

మీ ఆయనది సీటీఈ కాదు, వేరే గాయం అని డాక్టరమ్మ చెప్పింది. నాకు తెలుసు. కానీ మీ చర్చ చదివి నిన్న ఆ సినిమా చూశాను. మన సినిమాల్లో ఇలాంటి భర్త ఉంటే తాగుబోతో, పిచ్చివాడో అవుతాడు. ఇందులో ఆ పెద్ద మనిషి "నాకేదో అవుతోంది" అని చెప్పలేక చెప్తుంటే మా ఇంటి వంటగది కనబడింది. ఆపి కాసేపు బయట కూర్చున్నా. ఆ వెబ్‌స్టర్ గారి భార్యాపిల్లలు ఎలా నెట్టుకొచ్చారో చూపిస్తారని చివరిదాకా చూశా. చూపించలేదు. డాక్టరు గెలిచాడు. సంతోషమే. ఇంట్లోవాళ్ళ కథ మిగిలిపోయింది.


కరీంనగర్_రైడర్
బుధవారం, ఉదయం 7:30

అక్కా, నీ పోస్టు మా ఇంట్ల అందరికి సదివి వినిపించిన. మా అన్న ఇయ్యాల కొత్త హెల్మెట్ కొనుక్కొచ్చిండు.


న్యూజెర్సీ_అమ్మ
బుధవారం, ఉదయం 8:15

పేరు వద్దన్న చెల్లీ, నీకు మెసేజ్ పెట్టాను. తలకి గాయమైనవాళ్ళ ఇళ్ళవాళ్ళతో పనిచేసే స్పీచ్ థెరపిస్టు మా చెల్లెలు. తెలుగులోనే మాట్లాడుతుంది. నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే.


ఫ్రిస్కో_నాన్న
శుక్రవారం, రాత్రి 10:55

అందరివీ చదివాను. కొన్ని మావాడికీ చదివి వినిపించాను. కురిడీ కాయ ఏంటో వాడికి తెలీదు. ఇండియన్ స్టోరులో ఎండు కొబ్బరి చిప్పలు తప్ప దొరకలేదు. అమ్మకి వీడియో కాల్ చేస్తే, అటక మీంచి కాయ దింపి ఫోను దగ్గర ఊపింది. వాడు ఆ చప్పుడు విని, "మళ్ళీ ఊపు నానమ్మా" అన్నాడు. నాలుగుసార్లు ఊపించాడు.

బడికెళ్ళి కోచ్‌ని కలిశాను. మంచి మనిషి. 90 నిమిషాల రూలు, చట్టం, అన్నీ బావగారు చెప్పినట్టే చెప్పాడు. నేను ఒక్కటే అడిగాను: "పడిపోని దెబ్బలు ఎవరు లెక్కపెడతారు?" ఆయన కాసేపు ఆగి, "ఎవరూ లెక్కపెట్టరు" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఏడో తరగతికి సంతకం పెట్టట్లేదు. తొమ్మిదికి మళ్ళీ మాట్లాడుకుందాం అని చెప్పాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఫారం మాత్రం ఫ్రిజ్ మీంచి తీయలేదు, నేనూ తీయలేదు. ఇవాళ సాయంత్రం పార్కులో బంతి విసురుకున్నాం, గుద్దుకోవడాలు లేకుండా. నడుముకి జెండాలు కట్టుకుని ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీము దగ్గర్లో ఉందట, రేపు తొమ్మిదింటికి ట్రయల్స్. వాడు ఇంకా రానూ అనలేదు, వస్తాననీ అనలేదు. బూట్లు మాత్రం తలుపు దగ్గర పెట్టుకుని పడుకున్నాడు.